గౌరిబిదనూరు లెక్క, శ్రీనివాసపుర బొమ్మ

2007లో చిక్కబళ్ళాపుర వేరే జిల్లా కాకముందు, పాత కోలారు జిల్లాకు పడమటి కొసన గౌరిబిదనూరు, తూర్పు కొసన శ్రీనివాసపుర ఉండేవి. నడుమ బాగేపల్లి, గుడిబండ, శిడ్లఘట్ట, చింతామణి. ఆఫీసులో కన్నడం, వాకిట్లో తెలుగు, సంతలో రెండూ కలగలుపు. ఈ రెండు కొసల్లోనూ, ముప్పై ఏళ్ళకు పైగా ఎడంతో, మనుషుల మెదడు గురించి రెండు పెద్ద పనులు తలకెత్తుకున్నారు. మొదటిది 1980లలో గౌరిబిదనూరు పట్టణంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఇల్లిల్లూ తిరిగి చేసిన నరాల జబ్బుల సర్వే. అది 1987లో అచ్చయింది. రెండోది 2018లో శ్రీనివాసపుర తాలూకాలో మొదలై ఇప్పటికీ నడుస్తున్న అధ్యయనం. అందులో ఎంఆర్‌ఐ స్కాన్‌ది పెద్దపీట. మొదటిదాన్ని ఈరోజు తలుచుకునేవాళ్ళు అరుదు. రెండోదాని గురించి పత్రికల్లో బాగానే వస్తోంది.

పాతది ముతక పని, కొత్తది నాణ్యమైన పని అనుకోవడం తేలిక. రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే నాకలా అనిపించలేదు. వణుకు, బిగుసుకుపోవడం, నడక తడబడటం లాంటి కదలికల జబ్బుల విషయంలో గౌరిబిదనూరు అడిగిన ప్రశ్నకు శ్రీనివాసపుర ఇంకా జవాబివ్వలేదు. ఇచ్చే పద్ధతిలో దాన్ని కట్టనూ లేదు. మతిమరుపు విషయంలో మాత్రం శ్రీనివాసపుర చేయగలిగింది గౌరిబిదనూరువాళ్ళు కలలో కూడా అనుకోలేనిది. ఒకే నేల మీద, ఒకే నీళ్ళు తాగే జనం మీద చేసిన రెండు పనులకు ఇంత తేడా ఎందుకొచ్చిందన్నదే నన్ను పట్టుకున్న ప్రశ్న.

గౌరిబిదనూరు సర్వే బెంగళూరులోని మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్ న్యూరాలజిస్టు ఎం. గౌరీదేవి, ఆవిడ సహచరులు చేసింది. ఆవిడ తర్వాత ఆ సంస్థకు డైరెక్టరు కూడా అయ్యారు. 57 వేల పైచిలుకు జనాభా. పద్ధతి చెప్పడానికి సులువే, చేయడానికే నడుం విరిగేది. కార్యకర్త ఇంటికి వెళ్ళి ఇంట్లో ఉన్న ప్రతి మనిషి గురించి కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. ఎవరికైనా మూర్ఛ వస్తుందా, చెయ్యో కాలో పడిపోయిందా, వణుకుందా, నడక మారిందా? అనుమానం తగిలిన ఇంటికి తర్వాత డాక్టరు వెళ్తాడు. ఆయన చేతిలో ఉండేది రబ్బరు సుత్తి, టార్చిలైటు, అంతే. ఆ ఫలితాలు మోటార్ న్యూరాన్ జబ్బుల మీద వచ్చిన పుస్తకంలో చోటుచేసుకున్నాయి. అది కాకతాళీయం కాదు. దక్షిణాదిలో కండలు కరిగిపోయే జబ్బులు కొన్ని ప్రత్యేకంగా కనబడుతున్నాయని అప్పటికే తెలుసు. మద్రాసు మోటార్ న్యూరాన్ జబ్బు అనే పేరు 1970 నుంచీ ఉంది. తమిళనాడు, కర్ణాటక, ఆంధ్ర ప్రాంతాల్లో పడుచువాళ్ళకు వచ్చి, చేతులూ కాళ్ళూ సన్నబరిచి, మింగుడు పడకుండా చేసి, వినికిడిని కూడా తీసుకుపోయే జబ్బు అది.

సుత్తి, టార్చిలైటు అన్నాను కదా అని ఆ పనిని చిన్నచూపు చూడనక్కర్లేదు. కదలికల జబ్బుల్లో సగం రోగనిర్ణయం రోగి గుమ్మంలోంచి లోపలికి వచ్చేసరికే అయిపోతుంది. నడుస్తుంటే ఒక చెయ్యి ఊగదు, పక్కకు అతుక్కుని ఉంటుంది. వెనక్కి తిరగమంటే ఒక్క విసురుతో తిరగడు, నాలుగైదు చిన్న అడుగులు వేసి తిరుగుతాడు. ఊరికే ఒళ్ళో పెట్టుకున్న చెయ్యి సెకనుకు నాలుగు నుంచి ఆరుసార్లు వణుకుతుంది, గ్లాసు పట్టుకోబోతే తగ్గుతుంది. సంతకం రానురాను చీమ బారులా సన్నబడుతుంది. పార్కిన్సన్ జబ్బును లండన్‌లో జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఇట్లాగే పట్టుకున్నాడు. ఆయన రాసినవాళ్ళు ఆరుగురు, అందులో కొందరిని వీధిలో చూసినవాడే.

శిడ్లఘట్టలో పట్టుదారం తీసేచోట కాసేపు నిలబడితే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. వేడినీళ్ళలో తేలే పట్టుగూళ్ళ మీద వేళ్ళు ఆడిస్తూ, తెగిన పోగు కొసను వెతికి పట్టి, కదులుతున్న దారానికి తగిలించాలి. చూపుకు ఆ పోగు ఆనదు, వేళ్ళకే తెలుస్తుంది. న్యూరాలజిస్టు బొటనవేలికి చూపుడువేలు టకటకా తగిలించమని అడిగి చూసేది ఈ చురుకునే. ఇరవై ఏళ్ళు ఆ పని చేసిన మనిషి వేళ్ళు మెల్లగిల్లితే పక్క సీటులో ఉన్నామె ముందే పసిగడుతుంది. “ఏమప్పా, చెయ్యి కుదరడంల్యా?” అని అడుగుతుంది కూడా. ఆ అడిగిన మాట ఏ రిజిస్టరుకూ ఎక్కదు.

ఇక శ్రీనివాసపుర. బెంగళూరు ఐఐఎస్‌సీ ఆవరణలో ఉన్న సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ దీన్ని నడుపుతోంది. ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన క్రిస్ గోపాలకృష్ణన్ దంపతుల ప్రతీక్ష ట్రస్టు ఆ సెంటరుకు డబ్బు పెట్టింది. తొలి డైరెక్టరు విజయలక్ష్మీ రవీంద్రనాథ్. ఆవిడ అంతకుముందు మానేసర్‌లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రాన్ని నిలబెట్టినవారు. శ్రీనివాసపుర పల్లెల్లో 45 ఏళ్ళు దాటినవాళ్ళను పదివేలమందిని చేర్చుకోవాలని లక్ష్యం. చేరేనాటికి వాళ్ళకు డెమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, ఉండకూడదు. రక్తం, జన్యువులు, చూపు, వినికిడి, జ్ఞాపకశక్తి, నడక, ఒంటి నిలకడ చూస్తారు, ఒప్పుకున్నవాళ్ళకు 3 టెస్లా ఎంఆర్‌ఐ తీస్తారు. తర్వాత ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ పిలిచి అవే పరీక్షలు చేస్తారు. దీనికి తోబుట్టువులాగా బెంగళూరులోనే వెయ్యిమందితో టాటా అధ్యయనం ఒకటి 2015 నుంచి నడుస్తోంది. అది చదువుకున్న పట్నంవాళ్ళది, ఇది మామిడితోటలవాళ్ళది.

అమెరికాలో 1948లో ఫ్రామింగ్‌హామ్ అనే ఊరిలో 5,209 మందితో మొదలైన గుండెజబ్బుల అధ్యయనం ఈ పద్ధతికి పెద్దన్న. రక్తపోటూ పొగతాగడమూ గుండెకు చేటని మనకిప్పుడు నోటికొచ్చిన సంగతి ఆ ఊరివాళ్ళు తరాల తరబడి చెయ్యి చాపి రక్తమిచ్చినందువల్ల తెలిసింది. శ్రీనివాసపుర మెదడు విషయంలో అదే చేయాలనుకుంటోంది. ఆరోగ్యంగా ఉన్నవాణ్ణి ముందే పట్టుకుని, ఎప్పుడు, ఎక్కడ, ఏది అరగడం మొదలైందో చూడాలన్నది దాని తపన. గౌరిబిదనూరు లెక్కపెట్టింది జబ్బు వచ్చినవాళ్ళను, అదీ ఒక్కసారే. ఆనాటికి ఎంతమంది ఉన్నారో చెప్పింది. వాళ్ళకు పదేళ్ళ కిందట ఏమి జరిగిందో, పక్కింటాయనకు ఎందుకు రాలేదో దానికి తెలిసే దారి లేదు. ఈ విషయంలో శ్రీనివాసపురదే పైచేయి, వాదన అక్కర్లేదు.

బొమ్మ తీసే గదికి వెళ్దాం. తీసేముందు ఒంటిమీద లోహమన్నది ఉండకూడదు. మగవాళ్ళకు మొలతాడుకున్న తాయెత్తు, ఆడవాళ్ళకు గాజులు, ముక్కుపుడక, మెట్టెలు, తాళి. అరవై ఏళ్ళ ముత్తైదువను తాళి తీసి ట్రేలో పెట్టమనడం ఎంత పనో ఈ సీమలో పుట్టినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. పసుపుకొమ్ము కట్టిన దారం మెళ్ళో వేసుకుని బంగారం తీస్తారు. బిగుసుకున్న మెట్టెకు సబ్బు రాస్తారు. తర్వాత పడుకోబెట్టి, చెవులకు దూది పెట్టి, తలచుట్టూ పంజరం లాంటిది బిగించి, గొట్టంలోకి జరుపుతారు. బోరుబండి వేసినట్టు దడదడ. కదలకూడదు. దగ్గు ఆపుకోవాలి. కదిలితే బొమ్మ చెరిగిపోతుంది.

కదలికల జబ్బులకు ఈ యంత్రంతో ఉన్న తగువు ఇక్కడే మొదలవుతుంది. పార్కిన్సన్ వణుకు ఎక్కువగా చేతిలో ఉంటుంది కాబట్టి తల బొమ్మ ఎంతోకొంత కుదురుతుంది. మెడ బిగుసుకుపోయినవాడు వెల్లకిలా పడుకోలేడు. కొరియా జబ్బులో ఒళ్ళంతా మెలికలు తిరుగుతుంది, అతనికి కదలకుండా పడుకో అని చెప్పడం ఎగతాళిలాగే ఉంటుంది. మందిచ్చి నిద్రపుచ్చాలి. పరిశోధన కోసం ఆరోగ్యవంతుడికి మత్తివ్వరు, రోగికి ఇవ్వాలంటే మళ్ళీ వేరే అనుమతులు. అంటే ఎవరి మెదడును చూడాలో వాళ్ళ బొమ్మే అందరికంటే కష్టంగా వస్తుంది. ఆపైన ప్రయాణం. శ్రీనివాసపుర నుంచి బెంగళూరు దాదాపు నూరు కిలోమీటర్లు. బండి పంపినా, పొద్దున్నే లేచి, రోజంతా పరీక్షలకు కూర్చుని, చీకటిపడ్డాక ఇల్లు చేరగలిగినవాడే వస్తాడు. మంచం పట్టినవాడు రాడు. అడుగు ముందుకు పడక గడప దగ్గర ఇరుక్కుపోయేవాడు రాడు. గౌరిబిదనూరులో వాళ్ళిద్దరూ లెక్కలోకి వచ్చారు. కారణం చిన్నది, డాక్టరే గడప దాకా వెళ్ళాడు.

అధ్యయనం చేసేవాళ్ళకు ఈ లోపం తెలియదని కాదు. ఆరోగ్యవంతులతో మొదలుపెట్టాలన్నది వాళ్ళు ఎంచుకున్న దారి, దానికి దాని న్యాయం దానికుంది. నా ఫిర్యాదు చదువరుల మీద. పదివేలమంది అనగానే తాలూకా మొత్తం కళ్ళముందుకొచ్చినట్టు రాసేస్తున్నారు. బండెక్కలేనివాళ్ళు అందులో లేరన్న సంగతి ఏ వార్తలోనూ నాకు కనబడలేదు.

వచ్చినవాళ్ళ బొమ్మ మాత్రం ఏమి చెబుతుంది? పార్కిన్సన్ తొలిరోజుల్లో మామూలు ఎంఆర్‌ఐ చాలావరకు నార్మల్‌గానే వస్తుంది. మెదడు కాండంలో నల్లగా ఉండే ఒక చిన్న పొరలో డోపమిన్ తయారుచేసే కణాలు చచ్చిపోవడం ఆ జబ్బు. వణుకు బయటపడేసరికి వాటిలో సగందాకా పోయుంటాయంటారు. అంత నష్టమైనా మామూలు బొమ్మలో పెద్దగా తెలియదు. డాక్టరు స్కాన్ రాసేది పార్కిన్సన్‌ను చూడటానికి కాదు, గడ్డో నీరు చేరడమో రక్తం గడ్డకట్టడమో కాదని తేల్చుకోవడానికి. బాగేపల్లి నుంచి అప్పుచేసి బెంగళూరు వెళ్ళి, స్కాన్ తీయించుకుని, “అంతా నార్మల్” అన్న కాగితం పట్టుకుని బస్సు దిగిన పెద్దాయన ఒకాయన నన్నడిగాడు: “తలకాయి ఫోటోలో ఏమీ లేదంటారు, మరి చెయ్యి యాల అదురుతాది స్వామీ?” నేను విన్న రోగుల ప్రశ్నల్లో ఇంత సూటిది లేదు. ఆ కాగితం ఆయనకు రోగం లేదని చెప్పలేదు. కానీ ఆయనకు అలా చెప్పినట్టే అయింది.

పార్కిన్సన్ దాయాదులైన కొన్ని జబ్బుల్లో బొమ్మ బాగా పనికొస్తుంది. మెదడు కాండం పైభాగం సన్నబడితే పక్కనుంచి చూసినప్పుడు హమ్మింగ్‌బర్డ్ పిట్టలా కనిపిస్తుంది, అది చూపు పైకీకిందికీ తిరగకుండా చేసే పీఎస్‌పీ జబ్బుకు గురుతు. మరోదానిలో కాండం మధ్యలో సిలువ గుర్తున్న బన్ను తేలుతుంది. రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బులో పాండా మొహం. విల్సన్ జబ్బు మీద నిమ్హాన్స్ ఏళ్ళతరబడి చేసిన పని ప్రపంచమంతా చదివేది. మందుతో కుదిరే జబ్బు కాబట్టి అక్కడ పాండా మొహాన్ని గుర్తుపట్టడమంటే ఒక పిల్లవాడి జీవితాన్ని నిలబెట్టడమే.

బొమ్మ గెలిచిన కథ గౌరీదేవి సొంత పనిలోనే ఉంది. ఒక్క చెయ్యో ఒక్క కాలో మాత్రమే సన్నబడిపోయి, కొన్నేళ్ళకు అక్కడితో ఆగిపోయే జబ్బుకు 1984లో ఆవిడ, సహచరులు కలిసి మోనోమెలిక్ అమయోట్రఫీ అని పేరుపెట్టారు. చేతికి వచ్చే రకాన్ని జపాన్‌లో హిరయామా 1959లోనే వర్ణించాడు. ఎక్కువగా పడుచు మగపిల్లలకు వస్తుంది. కళ్ళతో, సుత్తితో జబ్బును వేరుపరచగలిగారు కానీ కారణం చీకట్లోనే ఉండిపోయింది. తర్వాత ఎవరికో రోగిని మెడ ముందుకు వంచి ఎంఆర్‌ఐ తీయాలనిపించింది. నిటారుగా ఉన్నప్పుడు ఏ లోపమూ లేని వెన్నుపాము, మెడ వంచగానే ముందున్న ఎముకకు నొక్కుకుని చప్పిడి అవుతోంది. మెడకు పట్టీ కట్టి వంగకుండా చూడమనే సలహా అక్కణ్ణుంచి వచ్చింది. మెడ వంచి తీయమని చెప్పినవాడికి ఏమి వెతుకుతున్నాడో ముందే తెలుసు, అందుకే బొమ్మ పలికింది.

డోపమిన్ కొసలను చూపే వేరే స్కాన్లున్నాయి. ఒంట్లోకి కొంచెం రేడియోధార్మిక మందు ఎక్కించి తీసేవి. ఒకటి యూరప్‌లో 2000లో, అమెరికాలో 2011లో అనుమతి పొందింది. టెక్నీషియంతో చేసే ట్రోడాట్ మన పెద్ద నగరాల్లో దొరుకుతుంది. ఈ రకం స్కాన్ వణుకు పార్కిన్సన్‌దా, ఊరికే వంశంలో వచ్చే వణుకా అని విడగొడుతుంది. మాత్రల వల్ల వచ్చిన బిగుసుదనాన్ని కూడా విడగొడుతుంది. అంతవరకు మేలే. అయితే 2004లో అచ్చయిన ఎల్‌డోపా ప్రయోగం చదివినవాళ్ళు ఈ స్కాన్‌ను మునుపటంత నమ్మలేరు. 361 మంది కొత్త రోగులకు నలభై వారాలపాటు కొందరికి లెవోడోపా మాత్ర, కొందరికి ఉత్తి మాత్ర ఇచ్చారు. లెవోడోపా తీసుకున్నవాళ్ళ నడక, పని మెరుగుపడ్డాయి. మందాపి రెండు వారాలాగి చూసినా ఆ మేలు కొంత నిలిచింది. వాళ్ళ స్కాన్లలో డోపమిన్ గురుతు మాత్రం ఉత్తి మాత్ర తిన్నవాళ్ళకంటే వేగంగా తగ్గింది. మనిషి బాగున్నాడు, బొమ్మ బాగోలేదు. ఆపైన స్కాన్ తీసిన 142 మందిలో 21 మందికి మొదట్లోనే అది నార్మల్‌గా ఉంది. పార్కిన్సన్ అని నిపుణులు తేల్చిన మనుషులకే. ఎవరు తప్పు, డాక్టరా బొమ్మా? ఏళ్ళ తరబడి కొట్లాడుకున్నారు. చివరికి వాళ్ళలో చాలామందికి పార్కిన్సన్ కాదనే తేలింది కాబట్టి ఆ విడత బొమ్మకే గెలుపు. మొదటి విడతలో మాత్రం రోగి కాళ్ళ మాటే నమ్మాలని నా మతం.

బాగేపల్లికి వస్తే ఇంకో చిక్కుంది, అది నీళ్ళది. ఇక్కడి బోరునీళ్ళలో ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల హద్దు దాటిన ఊళ్ళు ఎన్నో. పళ్ళమీద గోధుమరంగు చారలు చూసి ఏ ఊరివాడో చెప్పగలిగినవాళ్ళున్నారు. ముదిరితే వెన్నెముక కీళ్ళు అతుక్కుని, నడుం వంగి, మెడ తిరగక, మనిషి కర్రలా కదులుతాడు. పెరిగిన ఎముక వెన్నుపామును నొక్కితే కాళ్ళు బిగుసుకుపోతాయి. దూరంనుంచి చూసినవాడికి ఇది పార్కిన్సన్‌లాగే ఉంటుంది. ఈ నరాల ఫ్లోరోసిస్ గురించి ఎన్నో ఏళ్ళు రాసినవారు హైదరాబాదు న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి. ఆయన చూసింది ఎక్కువగా తెలంగాణ, ఆంధ్ర పల్లెల రోగులను. ఇక్కడ తలకు ఎంఆర్‌ఐ తీసి లాభం లేదు. ముంజేతికి, వెన్నుకు పాతకాలపు ఎక్స్‌రే చాలు, కథంతా అందులో ఉంటుంది. అసలు ఏ బొమ్మ తీయాలో తెలియడానికి ముందు ఇంటి బోరు నీళ్ళ గురించి అడగాలి. గౌరిబిదనూరు పద్ధతిలో ఇంటికి వెళ్ళినవాడికి ఆ బోరు వాకిట్లోనే కనిపిస్తుంది.

అట్లాగే తలతిరుగుడు మాత్ర. సినారిజిన్, ఫ్లునారిజిన్ అనే మందులు తల తిరుగుతోందన్న ముసలివాళ్ళకు రాస్తుంటారు. వారం వాడాల్సినవి నెలల తరబడి మింగితే కొందరికి అచ్చం పార్కిన్సన్ లాంటి బిగుసుదనం వస్తుంది. ఆపితే ఎక్కువమందికి తగ్గుతుంది. ఆ జబ్బు దొరికేది స్కానులో కాదు, దిండుకింద మాత్రల షీటులో. అవ్వ ఏ మాత్రలు మింగుతోందో కోడలికి తెలుసు, అంతదూరం బెంగళూరుకు అవ్వతో వచ్చిన మనవడికి తెలియదు.

ఇంటింటి లెక్కను ఇంతగా మెచ్చుకుంటున్నానని దాని పొరపాట్లను దాచనక్కర్లేదు. అరవైకి అరళు మరళు అని సామెత చెప్పుకునే సీమలో, తాతకు మతి తప్పుతోందా అని అడిగితే “వయసైనాదిలే” అంటారు తప్ప జబ్బని చెప్పరు. మూర్ఛ ఉన్న పెళ్ళికాని పిల్ల గురించి అసలే చెప్పరు. నిమ్హాన్స్‌వాళ్ళు గౌరిబిదనూరు తర్వాత బెంగళూరు నగరం, గ్రామాలు కలిపి 1,02,557 మందిని తిరిగి చూసి 2004లో ప్రకటించిన లెక్కలో నరాల జబ్బులు లక్షకు పట్నంలో 2,190, పల్లెలో 4,070. పల్లెలో దాదాపు రెట్టింపు. ఇది నరాల డాక్టర్లంతా పట్నంలో కూర్చున్న దేశానికి చెంపదెబ్బ లాంటి అంకె. డెమెన్షియా తొలిదశ మాత్రం ఇలాంటి లెక్కలకు చిక్కదు. ఇల్లు నడుస్తూనే ఉంటుంది, కోడలు ఉప్పు రెండుసార్లు వేయకుండా చూసుకుంటుంది, ఎవరికీ తెలియదు. ఈమధ్య దేశమంతటా పరీక్షలు పెట్టి చేసిన లాసీ-డాడ్ అధ్యయనం అరవై దాటినవాళ్ళలో 7.4 శాతానికి డెమెన్షియా ఉందని, పట్నంకంటే పల్లెలో ఎక్కువని తేల్చింది. ఊరికే ప్రశ్నలడిగి ఈ అంకెకు రాలేం.

ఇక్కడే శ్రీనివాసపుర బొమ్మలకు అసలు విలువ. మెదడు కుంచించుకుపోయిందని చెప్పాలంటే మామూలుగా ఎంత ఉండాలో తెలియాలి. మెదడు పటాలకు చాలాకాలం ప్రామాణికంగా నిలిచిన టాలైరాక్ పటం 1988లో వచ్చింది. అది అరవై ఏళ్ళ ఒక్క ఫ్రెంచి ఆవిడ మెదడును చూసి గీసింది. తర్వాత మాంట్రియల్‌లో 152 మంది బొమ్మలు కలిపి సగటు చేశారు. హైదరాబాదు ట్రిపుల్ఐటీలో జయంతీ శివస్వామి బృందం, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థతో కలిసి, వందమంది భారతీయుల బొమ్మలతో మన పటం ఒకటి 2019లో తయారుచేసింది. మన మెదళ్ళు పొడవు, వెడల్పు, ఘనపరిమాణం అన్నిటా పాశ్చాత్యుల కొలతలకంటే కొంచెం చిన్నవని తేలింది. తెలివికి దీనితో సంబంధం లేదు, కొలబద్దకు ఉంది. మాంట్రియల్ కొలతతో చూస్తే శ్రీనివాసపుర రైతు ఆరోగ్యమైన మెదడు కూడా అరిగినట్టు కనబడొచ్చు. ట్రిపుల్ఐటీ పటం పడుచువాళ్ళది. డెబ్భై ఏళ్ళ పల్లెటూరి మనిషికి మామూలు అంటే ఏమిటో చెప్పగలిగిన బొమ్మలు శ్రీనివాసపుర లాంటి చోటనే పోగుపడతాయి. ఈ పని గౌరిబిదనూరు పద్ధతిలో వందేళ్ళు తిరిగినా కాదు.

జ్ఞాపకశక్తి పరీక్షలకూ ఇదే తంటా. గడియారం బొమ్మ గీయమనడం, వాక్యం రాయమనడం బడి మొహం చూడని మనిషికి మెదడు పరీక్ష కాదు, బడి పరీక్ష. ఈ విషయం మీద తెలుగులో పరీక్షలు కుదిర్చి గట్టిగా పనిచేసినవారు సువర్ణ అల్లాడి. ఆవిడ హైదరాబాదు నిమ్స్‌లో ఉన్నప్పుడు 648 మంది డెమెన్షియా రోగుల వివరాలు చూసి 2013లో ప్రచురించిన వ్యాసం పెద్ద సంచలనం. ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్ళకు ఆ జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా వచ్చింది. చదువులేనివాళ్ళలోనూ ఆ తేడా కనిపించింది. మా సీమవాళ్ళు ఇది విని మీసం మెలేసుకున్నారు, నేనూ అందులో ఒకణ్ణి. పరిశోధన దృష్టితో చూస్తే మాత్రం చింతామణి, బాగేపల్లి, శ్రీనివాసపురల్లో ఒక్క భాషే వచ్చిన మనిషిని వెతికి పట్టుకోవడమే కష్టం. పోల్చడానికి రెండో జట్టు లేదు. ఆసుపత్రికి వచ్చినవాళ్ళ లెక్క ఊరి లెక్క కాదన్న అభ్యంతరం కూడా ఆ వ్యాసం మీద ఉంది. ఊళ్ళోనే జనాన్ని ఏళ్ళ తరబడి చూసే శ్రీనివాసపుర, ఎవరు రోజూ రెండు భాషల్లో బతుకుతున్నారు, ఎవరు సంతరోజున మాత్రమే మాట్లాడతారని తేడాలు పడితే, ఆ ప్రశ్నకు జవాబు దొరకొచ్చు.

సువర్ణ అల్లాడి తర్వాత నిమ్హాన్స్‌కు వచ్చారు. 2022లో కర్ణాటక ప్రభుత్వం, నిమ్హాన్స్ కలిసి మెదడు ఆరోగ్య కార్యక్రమం ఒకటి మొదలుపెట్టినప్పుడు దాని ముందువరసలో ఆవిడ ఉన్నారు. తొలివిడతగా ఎంచుకున్న చోట్లలో చిక్కబళ్ళాపుర, కోలారు జిల్లాలున్నాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు పక్షవాతం, మూర్ఛ, తలనొప్పి, డెమెన్షియా గుర్తించడం నేర్పి, జిల్లా ఆసుపత్రిలో మెదడు క్లినిక్ తెరవడం పథకం. లెక్కకూ బొమ్మకూ మధ్య ఖాళీగా ఉన్న మెట్టు ఇదే. మతిమరుపు తెచ్చే కారణాల్లో మార్చగలిగినవి పద్నాలుగని, వాటిని సరిచేస్తే లోకంలో డెమెన్షియా కేసుల్లో 45 శాతం దాకా ఆపనో వాయిదావేయనో వచ్చని 2024 లాన్సెట్ కమిషన్ అంది. బీపీ, షుగరు, చెవుడు, పొగ, చదువులేమి లాంటివి. వీటిలో ఏదీ కనుక్కోవడానికి 3 టెస్లా అక్కర్లేదు, నర్సమ్మ చాలు. పార్కిన్సన్‌కు ఇంత సులువు జాబితా లేదు. ఆ కార్యక్రమం ముందుపెట్టుకున్న జబ్బుల్లోనూ దానికి ముందువరసలో చోటు దొరకలేదు. ఇది నాకు నచ్చని సంగతి.

నన్నడిగితే గౌరిబిదనూరు వీధుల్లో మళ్ళీ తిరగాలి. అవే ఊళ్ళు, అవే ప్రశ్నలు, కొత్తగా మాత్రల షీటు, బోరునీళ్ళు, ఇంట్లో మాట్లాడే భాషలు. అనుమానం తగిలినవాళ్ళనూ, వాళ్ళ ఈడువాళ్ళే అయి ఏ అనుమానమూ లేనివాళ్ళను కొందరినీ స్కాన్‌కు పంపాలి. రాలేనివాళ్ళ పేర్లు రాలేదని రాసిపెట్టుకోవాలి, ఎందుకు రాలేదో కూడా. అప్పుడు శ్రీనివాసపుర బొమ్మలకు జతగా జబ్బుపడ్డవాళ్ళ బొమ్మలుంటాయి, రెండు కొసలకు ముడి పడుతుంది. 1980లలో కార్యకర్త తలుపు కొట్టినప్పుడు ఆ వాకిళ్ళలో గోలీలాడుతున్న పిల్లలు ఇప్పుడు నలభైఅయిదు నిండుతున్నవాళ్ళో, దాటినవాళ్ళో. వాళ్ళ అమ్మానాన్నల జవాబులు నిమ్హాన్స్ లెక్కలో ఉన్నాయి.